ఒకే ఒక్క స్క్రూ

జర్మనీవాళ్ల మౌజర్ సీ96 పిస్టల్ విప్పే వీడియోలు నేను పజిల్ చూసినట్టు చూస్తాను. 1896 నాటి ఈ పిస్టల్ మొత్తానికి ఉన్న స్క్రూ ఒక్కటే, అదీ చెక్క పిడి కోసం. లోపలి భాగాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. అందుకే విప్పడానికి ఒక వరస ఉంది. ముందు లోపల తూటా లేదని కళ్లారా చూసుకోవాలి. తర్వాత మ్యాగజైన్ అడుగు ప్లేటు, స్ప్రింగ్. ఆపైన హ్యామర్ వెనక్కి లాగి, దాని కిందున్న లాచ్ కదిపితే బ్యారెల్, లోపలి యంత్రం కలిసి వెనక్కి జారి వచ్చేస్తాయి.

నాకు ఆశ్చర్యం వేసింది శుభ్రం చేసే దగ్గర. ఇనుముకి నీళ్లు శత్రువు కదా, కానీ ఇక్కడ ముందు వాడేది వేడినీళ్లే! ఆ కాలపు తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా, అంటే ఒక రకం ఉప్పుగా, బ్యారెల్‌లో మిగులుతుంది. తేమ పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు. అందుకే వేడినీళ్లతో కడిగి, వెంటనే బాగా ఆరబెట్టి, ఆఖర్న పల్చగా నూనె రాస్తారు.

అలాగని తళతళలాడించాలని గరుకు కాగితం పట్టకూడదు. 1916లో జర్మన్ సైన్యం 9 ఎంఎం తూటాతో 1,50,000 పిస్టళ్లు ఆర్డర్ చేసింది. సైనికులు పొరపాటున పాత 7.63 తూటాలు పెట్టకుండా పిడి మీద 9 అంకె చెక్కి ఎర్ర రంగు నింపారు. మనం మెరుపు కోసం గీకేస్తే పోయేది మురికే కాదు, ఆ పిస్టల్ ఏ యుద్ధానికి వెళ్లిందో చెప్పే ఆ ఎర్ర తొమ్మిది కూడా.