పులసకు గిరాకీ జోరు, రాబడి పలుచన

గోదావరికి ఎర్రనీరు తగలగానే యానాం రేవులో పులస వేలం పాటలు మొదలవుతవి. సరుకు కొద్ది, కొనేవారు ఎక్కువ; పెద్ద చేప ఒక్కటే వేల రూపాయలు పలుకుతుంది. ఒడిశా, బంగ్లాదేశ్ సరుకు పులస పేరున చలామణీ అయ్యేదీ ఈ అదనులోనే. పేరు విని కాక రేవు చూసి కొనడం మేలు.

సముద్రంలో విలస, ఏటికెదురీదితే పులస. గుడ్లు పెట్టవచ్చే ఈ చేపకు ధవళేశ్వరం ఆనకట్టే ఎల్ల. శన ఉన్న చేపకే ధర హెచ్చు కనుక వర్తకుడు రాబోయే ఏళ్ళ సరుకును కూడా ఇప్పుడే అమ్ముకుంటున్నాడు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకుండే సముద్ర వేట నిషేధం వరదకు ముందే ముగుస్తుంది; ఏరెక్కే పులసకు దానితో ఒరిగేది స్వల్పం. బంగ్లాదేశ్‌లో మాత్రం అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఈ చేప వేట పూర్తిగా బందు.

వరద తీస్తే రాబడి ఆగుతుంది. బయానాలిచ్చినవారు సెప్టెంబరు వరకే లెక్క వేసుకోవాలి.