రమ్మీ కేసు మన సికింద్రాబాద్‌దే

మా హాస్టల్లో రమ్మీ యాప్ ఆడినవాళ్లందరిదీ ఒకటే డైలాగ్: "ఇది జూదం కాదు మామా, స్కిల్ గేమ్. సుప్రీంకోర్టే చెప్పింది."

నిజమే, చెప్పింది. ఆ కేసు నారపల్లి నుంచి బస్సెక్కితే చేరే సికింద్రాబాద్‌లోనే మొదలైంది. 1963లో పోలీసులు అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేసి, పేకాడుతున్నవాళ్లని పట్టుకున్నారు. 1967 నవంబర్‌లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం అన్నారు. (అది ఇంగ్లిష్ వాళ్ల 'బ్రాగ్'కి చుట్టం. న్యూ ఆర్లీన్స్ వైపు పుట్టి మిసిసిపి పడవల్లో ఊరూరా తిరిగిన పోకర్‌కి కూడా దూరపు బంధువే.) రమ్మీలో మాత్రం ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి. కాబట్టి ప్రధానంగా నైపుణ్యం.

మావాళ్లు చెప్పనిది రెండో సగం. పందెం ఆట మీద క్లబ్ యజమాని లాభం తీసుకుంటున్నాడని తేలితే అది నేరం కావచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది. మరి యాప్ బతికేదే ఆట ఆటకీ కోసుకునే కమీషన్ మీద!

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. దేశమంతటికీ కేంద్రం చట్టం 2025లో వచ్చింది. ఈ రెండింటి మధ్యలో, ఫోన్‌లో లొకేషన్ మార్చి ఆడిన మా రూమ్మేట్ సెమిస్టర్ ఫీజు మొత్తం పోగొట్టుకున్నాడు. ముక్కలు బాగానే గుర్తుపెట్టుకుంటాడు వాడు.