ఏ పాఠం వదిలేద్దాం?

కంకిపాడులో ఒక అమ్మ ఉంది. నాట్లకు, కలుపుకు కూలికి వెళుతుంది. ఈమధ్యే చదవడం, రాయడం నేర్చుకుంది. ఆమె కూతురు ప్రభుత్వ హైస్కూలులో 7వ తరగతి చదువుతోంది. పిల్లకు లెక్కలంటే భయం. లెక్కల పరీక్ష రోజున కడుపునొప్పి అంటుంది.

ఒకరోజు తల్లి బడికి వెళ్ళింది.

"టీచరుగారూ! మా పిల్లకు లెక్కలు తీసెయ్యండి. ఆడపిల్లకు లెక్కలెందుకు? దానికి బదులు కుట్టుపని నేర్పండి" అంది.

టీచరు కుర్చీ చూపించింది. "కూర్చోండమ్మా. ఎకరం నాటుకు 5,000 రూపాయలు మాట్లాడుకున్నారనుకోండి. పదిమంది కలిసి మూడెకరాలు నాటారు. మనిషికి ఎంత వస్తుంది?" అని అడిగింది.

"పదిహేను వందలు" అంది తల్లి వెంటనే.

"ఆ లెక్క మీకు రాకపోతే?"

తల్లి ఆలోచించింది. "మేస్త్రి ఇచ్చిందే తీసుకోవాలి" అంది.

"కుట్టుపని మంచిదే. కానీ జాకెట్టు కత్తిరించాలన్నా కొలతలు, లెక్కలు రావాలి కదమ్మా!" అంది టీచరు. తర్వాత అన్నీ వివరంగా చెప్పింది.

6వ తరగతి నుంచి పిల్లలు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ చదవాలి. 8వ తరగతిలో సైన్సు రెండు పుస్తకాలవుతుంది. ఒకటి భౌతికశాస్త్రం, రెండోది జీవశాస్త్రం. లెక్కలు గానీ, సైన్సు గానీ వద్దనడానికి లేదు.

ఒకప్పుడు ఇలా లేదు. చాలాచోట్ల ఆడపిల్లలకు లెక్కలు, సైన్సు బదులు ఇంటిపని పాఠాలు చెప్పేవారు. 1966లో కొఠారీ కమిషన్ తన నివేదిక ఇచ్చింది. పదో తరగతి వరకు ఆడపిల్లలకూ, మగపిల్లలకూ లెక్కలు, సైన్సు తప్పక నేర్పాలని చెప్పింది.

మరి కావలసిన చదువు ఎంచుకునేది ఎప్పుడు? పది పాసయ్యాక. ఇంజనీరు కావాలంటే ఇంటర్‌లో ఎంపీసీ. డాక్టరు కావాలంటే బైపీసీ. పాలిటెక్నిక్‌లో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో లెక్కలు, సైన్సు ఉంటాయి. ఇప్పుడు లెక్కలు వదిలేస్తే అప్పుడు కొన్ని దారులు మూసుకుపోతాయి.

ఇంకో మాట. 8వ తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే పరీక్ష ఉంది. ప్రభుత్వ బడి పిల్లలు రాయవచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు దాటకూడదు. 7వ తరగతిలో మంచి మార్కులు ఉండాలి. ఎంపికైన పిల్లలకు ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. 9వ తరగతి నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్ళు ఇస్తారు. ఆ పరీక్షలోనూ లెక్కలు ఉంటాయి.

"మరి పిల్ల భయం పోయేదెలా?" అంది తల్లి.

"ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం" అంది టీచరు. పిల్లను పిలిచి నాలుగు లెక్కలు ఇచ్చింది. కూడికలు వచ్చాయి. భాగహారం రాలేదు. భయమంతా అక్కడే ఉంది.

ఆ రాత్రి తల్లి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "పదిహేను వేలు పదిమందికి పంచాలి. ఎలాగో చూడు" అంది. పిల్ల పలక తీసుకుంది.

మీ పిల్ల ఏ పాఠానికి భయపడుతోంది? అడగండి. బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడండి.