దొరగారూ జీతానికి వచ్చినవారే!

చెరకు గానుగాడే కాలంలో ఫ్యాక్టరీ గేటు ముందు బళ్లూ ట్రాక్టర్లూ బారులు తీరినప్పుడు రైతు నోట వినిపించే మాట ఒకటే: "ఎం.డి. గారు తలుచుకుంటే క్షణంలో పని." బిల్లు అందడం ఆలస్యమైతే అదే నోట ఆయనకే శాపనార్థాలు. ఆఫీసు గది ముందు బెంచీ మీద కూర్చున్న రైతు పెద్దలకు లోపలున్నాయన దొరగానో దొంగగానో కనిపిస్తాడు. నెల జీతానికి పనిచేసే మనిషిగా మాత్రం కనిపించడు.

ఆయనకూ నియామకపు ఉత్తర్వు ఉంది, గడువు ఉంది. కంపెనీలో మేనేజింగ్ డైరెక్టరును ఒక దఫాకు 5 ఏళ్లకు మించి నియమించరాదని 2013 నాటి కంపెనీల చట్టం చెబుతోంది. పెద్ద కుర్చీల గతీ అంతే. టాటా సన్స్ ఛైర్మన్‌గా ఉన్న సైరస్ మిస్త్రీని 2016 అక్టోబరు 24న బోర్డు సమావేశంలోనే తొలగించారు. అనంతపురం జిల్లాకు చెందిన ఐ.ఏ.ఎస్. అధికారి యుగంధర్ కుమారుడు సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీకి అధిపతి అయ్యారు. రెండు లక్షల మందికి పైగా ఆయన కింద పనిచేస్తున్నా, ఆయన జీతం నిర్ణయించేది బోర్డే. పుట్టుకతోనే మస్తిష్క పక్షవాతం ఉన్న ఆయన కుమారుడు 2022లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఇంటి కష్టం హోదా చూసి రాదు కదా!

యజమాని ఎవరు?

సహకార చక్కెర కర్మాగారం సంగతి మరీ విచిత్రం. అక్కడ అసలు యజమాని వాటాధనం కట్టిన రైతే. పాలకవర్గాన్ని ఓటు వేసి ఎన్నుకునేదీ అతనే. మేనేజింగ్ డైరెక్టరు ఆ సంఘానికి ఉద్యోగి. యజమాని బయట బెంచీ మీద, జీతగాడు లోపల ఫ్యాను కింద!

ఆ జీతగాడి చేతిలో ఉన్నదెంత? చెరకు కనీస ధర నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. గోదాములోని చక్కెర తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చేది బ్యాంకు. చక్కెర ధర తేలేది మార్కెట్లో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఇక్కడ పూజారి ఇద్దామన్నా హుండీ ఖాళీగా ఉన్న రోజులుంటాయి. రైతుల బకాయిలతో పాటు ఉద్యోగుల జీతాలూ నెలల తరబడి నిలిచిపోయిన సహకార ఫ్యాక్టరీలు ఉన్నాయి. అలాంటప్పుడు ఘెరావ్ చేసి ఆయన్ను అర్ధరాత్రి దాకా గదిలో కూర్చోబెడితే డబ్బు పుట్టదు. క్వార్టర్స్‌లో భార్యాపిల్లలు భోజనం మానుకుని ఎదురు చూస్తారు, అంతే.

పాపం ఉద్యోగి కదా అని బకాయి వదులుకోమని ఎవరూ అనరు. కాటాలో మోసం జరిగినా, అయినవారికి కటింగ్ ఆర్డర్లు ముందు ఇచ్చినా ఆయన్నే నిలదీయాలి. అది ఆయన చేతిలో పని. డబ్బు మాట వేరు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరుకు అప్పగించిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. బకాయిని భూమిశిస్తు బకాయి మాదిరిగా కలెక్టరు ద్వారా వసూలు చేయించే వీలూ అందులో ఉంది.

కనుక అర్జీ ఒక్క ఎం.డి. గారి పేర రాస్తే చాలదు. పాలకవర్గం అధ్యక్షుడికి, చెరకు కమిషనరుకు కూడా పంపాలి. కాటా చీటీల నకళ్లు జత చేయాలి. ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చిన కాగితం నకలు మీద ముద్ర, తేదీ వేయించుకుని మరీ ఇంటికి రావాలి.