విల్లును చుట్టి పోవు బాణము

గత మాసమున వచ్చిన ఒక పాఠకుని లేఖ, ఈ నెల వ్రాయవలెనని నేను సిద్ధపరచుకొన్న విషయముల నన్నింటిని ప్రక్కకు నెట్టివేసినది. ప్రశ్న చూచుటకు చిన్నది. బాణమును వింటి నడుమనుండి కాక దాని ప్రక్కన ఆనించి విడుతురు. వింటినారి మాత్రము వింటి నడుమకే దూసుకొనివచ్చును. అట్లయినచో బాణము ఒక ప్రక్కకు తొలగిపోవలెను గదా, తిన్నగా గురి నెట్లు చేరుచున్నది? అని ఆయన అడిగినారు. దీని సమాధానము భౌతికశాస్త్రమున నేనెరిగిన మిక్కిలి సుందరమైన ఘట్టములలో ఒకటి. అంతేకాక, విల్లు పట్టిన వేటగాండ్రు ఏటేట మెరుగుపరచుకొందమని సంకల్పించుచు ఏటేట వాయిదా వేయుచున్న అభ్యాసముల గుట్టు కూడ ఇందే దాగియున్నది.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక ఈ ప్రసంగమునకు తగిన రంగము అమెరికా. అచట విస్కాన్సిన్ రాష్ట్రము 1934లో విలుకాండ్రకు ప్రత్యేకముగా జింకల వేటఋతువును ఏర్పరచినది. తరువాత తక్కిన రాష్ట్రములును ఆ మార్గమునే పట్టినవి. ఋతువు ముగియగానే ప్రతి వేటగాడును కొన్ని సంకల్పములు చెప్పుకొనును: వచ్చే ఏడు అడుగుల చప్పుడు తగ్గింతును, గాలివాలు చూచి నిలుతును, దూరమును కంటితో కొలుచుట నేర్తును, దినదినము సాధన చేయుదును, అని. ఇవి యన్నియు మంచివే. కాని బాణము తప్పినప్పుడు అతడు మొట్టమొదట నిందించునది తన కన్నును. కట్టకడపట తలచునది బాణమును విడిచిన వ్రేళ్లను, విడువబడిన బాణపు కాడను. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ అను పండితుడు 1545లో వెలువరించిన గ్రంథమున విలువిద్యను నిలుచుట, సంధించుట, లాగుట, నిలుపుట, విడుచుట అని అయిదుగా విభజించి, విలుకాండ్రకు పట్టుబడిన వికృతమైన అలవాట్లను పుటలకొలది వర్ణించెను. అయిదవదియైన విడుచుటలోనే తక్కిన నాలుగింటి ఫలము తేలిపోవునను సంగతిని శాస్త్రము నిరూపించుటకు మరి నాలుగు శతాబ్దములు పట్టినది.

ప్రాథమిక విషయములను త్వరగా దాటుదము. విల్లు ఒక స్ప్రింగు. లాగినప్పుడు మన కండరముల శక్తి దాని బాహువులలో నిలువయగును. విడిచినప్పుడు అది బాణమునకు సంక్రమించును. వ్రేళ్లతో విడుచు మంచి వింటినుండి బాణము సెకనుకు సుమారు 55 మీటర్ల వేగముతో వెలువడును. ఆ వేగము దానికి అరమీటరు దూరములో లభించవలెను గనుక, నారి బాణమును త్రోయు కాలము సెకనులో 16 నుండి 18 సహస్రాంశములు మాత్రమే. భూమ్యాకర్షణ త్వరణమునకు సగటున 300 రెట్ల త్వరణమును ఆ సన్నని కాడ ఆ క్షణమున భరించుచున్నది. కంటితో చూచి చేయి కదల్చుటకు మానవునకు సెకనులో అయిదవ వంతు కావలెను. కావున బాణము వ్రేళ్లను వీడిన పిమ్మట విలుకాడు సవరింపగలిగినది ఏదియు లేదు.

ఇక అసలు ప్రశ్న. కుడిచేతివాటముగల విలుకాడు మూడు వ్రేళ్లతో నారిని పట్టి లాగునప్పుడు బాణము వింటికి ఎడమప్రక్క ఆనియుండును. వింటిదండము మూడు సెంటీమీటర్ల మందముగలదనుకొందము. బాణము ఆనిన చోటు వింటి మధ్యరేఖకు ఒకటిన్నర సెంటీమీటరు ఎడమన ఉన్నదన్నమాట. నారిని 70 సెంటీమీటర్లు వెనుకకు లాగియున్నప్పుడు బాణమునకును ఆ మధ్యరేఖకును నడుమ కోణము 1.2 డిగ్రీలు. నారి ముందుకు వచ్చి వింటికి 16 సెంటీమీటర్ల చేరువకు వచ్చునప్పటికి అదే కోణము 5 డిగ్రీలు దాటును. అనగా బాణము ముందుకు సాగినకొలది దాని మొన ఎడమకు తిరుగవలెను. వంగని ఇనుపకడ్డీవంటి బాణమే యైనచో 20 మీటర్ల దూరమున అది గురికి మీటరుకు మించి ఎడమగా పోవలసియుండును. పోవుటలేదు. ఇట్టి వైరుధ్యమునకు ఇంగ్లీషున విలుకాని విరోధాభాస మని పేరు.

బాణము కడ్డీ కాదు. 1744లో ఆయిలర్ అను గణితవేత్త, సన్నని స్తంభమును పైనుండి నొక్కినచో అది ఒకానొక బరువువద్ద కుదించుకొనుట మాని ప్రక్కకు వంగునని నిరూపించెను. బాణపు కాడ అట్టి స్తంభమే: వెనుకనుండి నారి నెట్టుచున్నది, ముందు ములికి తన జడత్వముచేత కదలనని మొరాయించుచున్నది, నడుమ కాడ వంగుచున్నది. ఏ దిక్కునకు వంగవలెనో నిర్ణయించునవి విలుకాని వ్రేళ్లు. మూడు వ్రేళ్ల కొనలమీదుగా నారి జారునప్పుడు అది తిన్నగా ముందుకు పోజాలదు. వ్రేళ్లు అడ్డుగానున్నవి గనుక వాని కొనలను చుట్టి కొంచెము ఎడమకు తొలగి, పిదప ముందుకు పోవును. తోక ఎడమకు లాగబడుటచేత కాడ నడిమిభాగము కుడికి, అనగా వింటివైపునకు, ఉబ్బి దండమును నొక్కును. మరుక్షణమున కాడలోని స్థితిస్థాపకత దానిని ఎదురుదిక్కునకు విసరును. నడుము ఎడమకు వంగి బాణము వింటినుండి విడివడును. మరల నడుము కుడికి వంగునప్పటికి బాణపు తోక, ఈకలతో సహా, వింటిప్రక్కకు చేరుచుండును. ఆ వంపులో తోక ఎడమకు తొలగియుండుటచేత దండమును తాకకయే దాటిపోవును. బాణము వింటిని రాచుకొని పోవుట కాదు. వింటిని చుట్టి పోవుచున్నది!

ఇచట కాలము కుదిరిన తీరు చూడుడు. సామాన్యముగా బాణపు కాడ సెకనుకు 60 నుండి 80 పర్యాయములు ఇట్లు అటునిటు కంపించును. నారి త్రోయు 16 సహస్రాంశములలో దానికి ఒక పూర్ణకంపనమునకును ఆపై కొద్దిపాటి భాగమునకును మాత్రమే వ్యవధి కలదు. కాడ మెత్తనైనచో కంపనము మందగించి, తోక తొలగవలసిన వేళకు తొలగక వింటిని కొట్టును; బాణము కుడికి పోవును. కాడ మిక్కిలి బిరుసైనచో చాలినంత వంగక ఎడమకు పోవును. రెంటికిని నడుమనున్న ఒక్క ఇరుకు మార్గమున మాత్రమే బాణము గురిని చేరుచున్నది.

దీనిని గ్రహించుటలో పెద్దలే పొరబడిరి. గురిచూచు కన్నే కొంత కుడికి ఓరగా చూచి ఆ తప్పును దిద్దుచున్నదనిరి కొందరు. విడుచు క్షణమున ఎడమచేయి విల్లును ఒకింత తొలగించుచున్నదనిరి మరికొందరు. అంతయు ఈకలే సరిచేయుచున్నవని వేరొకరు తృప్తిపడిరి. ఈకలు లేని బాణము కూడ, కాడ సరియైనదైనచో, మొదటి కొన్ని మీటర్లు తిన్నగనే పోవునని వీరు పరీక్షించి చూడలేదు. వాదములకు తెరదించినది ఛాయాచిత్రము. 1930, 40 దశకములలో పాల్ క్లాప్‌స్టెగ్, క్లారెన్స్ హిక్మన్ అను అమెరికను భౌతికశాస్త్రజ్ఞులు, ఫారెస్ట్ నాగ్లర్ అను ఇంజనీరు ఈ సమస్యను ప్రయోగశాలలోనికి తెచ్చిరి. హిక్మన్ సామాన్యుడు కాడు. 1918లో రాకెట్ శాస్త్రజ్ఞుడు గాడర్డ్‌తో కలిసి రాకెట్లపై పనిచేసినవాడు. అతివేగముగా చిత్రములు తీయు కెమేరా ఎదుట బాణము వంగి, ఎదురువంగి, వింటిని చుట్టి పోవుట కంటికి కట్టినట్లు కనబడినది. క్లాప్‌స్టెగ్ 1943లో అమెరికను భౌతికశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసమును, ముగ్గురును కలిసి 1947లో వెలువరించిన గ్రంథమును నేటికిని ఈ రంగమున అడుగుపెట్టువారికి ఆధారములు.

వింటిని వీడిన తరువాత కూడ బాణము కంపించుచునే పోవును. అది పామువలె మెలికలు తిరుగుచున్నదని వ్రాయువారు కలరు, అది సరికాదు. కాడమీద అలలు ముందుకు ప్రాకుటలేదు. కాడపై ఏమాత్రము ప్రక్కకు ఊగని బిందువులు రెండు కలవు. సమమైన కాడకు అవి చెరియొక కొననుండి పొడవులో సుమారు 22 శాతము దూరమున ఉండును, ముందు ములికి బరువుండుటచేత ముందరి బిందువు మొనకు మరికొంత చేరువగును. కాడ ఊగుచున్నను ఆ రెండు బిందువులును ఒకదాని వెంట నొకటి ఒకే బాటన, గురి దిక్కునకే సాగిపోవుచుండును. గురిచూచి కొట్టుట అనగా ఆ రెండు బిందువులను గురితో ఒకే రేఖకు తెచ్చుటయే.

కాడ బిరుసుదనమును విలుకాండ్రు స్పైన్ అందురు. 28 అంగుళముల ఎడమున్న రెండు ఆధారములమీద కాడను పరుండబెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీసి, అది అంగుళములో ఎన్ని సహస్రాంశములు క్రుంగునో కొలుతురు. అర అంగుళము క్రుంగినచో దాని అంకె 500. కాని ఇది కదలని కాడ లెక్క. అదే కాడను రెండంగుళములు పొడవుగా ఉంచినను, ములికి బరువు పెంచినను, వింటి బలము పెంచినను, అది విడుచునప్పుడు మెత్తనిదానివలె ప్రవర్తించును. గట్టి బాణమే మంచి బాణమను భ్రమ ఎంతమందినో తప్పుదారి పట్టించినది.

నారి జారు దిక్కే కాడ వంగు దిక్కును నిర్ణయించునని గ్రహించినచో, ప్రపంచమున రెండు విలువిద్యా సంప్రదాయములు ఎందుకు ఏర్పడినవో తెలియును. తురుష్కులు, చీనీయులు, మొగలులు బొటనవ్రేలితో నారిని లాగిరి. అపుడు నారి ఎదురుదిక్కునకు తొలగును గనుక బాణమును వింటికి కుడిప్రక్క ఆనించిరి. బొటనవ్రేలికి తొడిగిన ఉంగరములలో ఒకటి, షాజహాను బిరుదము చెక్కిన జేడు ఉంగరము, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో కలదు. 1911లో కాలిఫోర్నియాలోని ఓరొవిల్ పట్టణమున బయటపడిన యాహీ జాతి వేటగాడు ఇషీ కూడ బొటనవ్రేలి పట్టునే పట్టి బాణమును కుడిప్రక్కన ఉంచెడివాడు. అతని వద్ద విలువిద్య నేర్చి, 1923లో వింటివేటపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన శస్త్రవైద్యుడు శాక్స్టన్ పోప్, నిలువెత్తు ఇంగ్లీషు విల్లునే తనకై ఎన్నుకొనెను. ఇషీ గురిపలకమీద అద్భుతములు చేయలేదనియు, అడవిలో మాత్రము జింకకు మిక్కిలి చేరువకు చేరగల ఓర్పు అతనిదనియు పోప్ వ్రాసెను.

ఈ సందర్భమున ఏకలవ్యుని తలపకుండుట నావల్ల కాదు. బొటనవ్రేలు కోసియిచ్చిన తరువాత ఆ నిషాదకుమారుడు తక్కిన వ్రేళ్లతో బాణములు వేసెననియు, కాని మునుపటి వేగము రాలేదనియు భారతము చెప్పుచున్నది. అతడు మునుపు బొటనవ్రేలితో లాగినవాడే యైనచో, పోయినది వ్రేలు మాత్రమే కాదు: నారి తొలగు దిక్కు మారెను, బాణము ఆనవలసిన ప్రక్క మారెను, తన చేతికి నప్పిన కాడలన్నియు ఒక్కసారిగా నప్పనివాయెను. ఒక జీవితకాలపు సాధనను మొదటినుండి ఆరంభింపవలసిన దుస్థితి అది. ద్రోణుడడిగినది ఎంతటి దక్షిణయో ఈ భౌతికశాస్త్రము చదివినకొలది నాకు మరింత బాధతో తెలియుచున్నది.

ఇక వేటగాని విషయము. ఏడాది పొడుగున అతడు మొనదేలిన చిన్న ములికితో సాధన చేయును. వేటకు పోవు ముందునాడు వెడల్పైన కత్తిరెక్కల ములికిని బిగించును. ఆ రెక్కలు బాణపు ముందుభాగమున గాలిని పట్టుకొనును. వెనుక ఈకలు దిద్దుచున్నదానిని ముందు రెక్కలు చెడగొట్టును. కాడ వింటికి సరిపడనిదైనచో, చిన్న ములికితో దాగిన తప్పు ఇచట బట్టబయలగును. పైగా 20 మీటర్ల దూరమున బాణము చేరుటకు సెకనులో మూడవ వంతు పట్టగా, నారి చప్పుడు జింక చెవికి అందులో ఆరవ వంతు కాలముననే చేరును. అది బెదరి క్రుంగును. ఇన్ని చిక్కులకు తోడు తప్పుడు కాడ కూడ ఎందులకు? గాయపడి పారిపోయిన మృగము రాత్రియంతయు యాతనపడును. వింటివేటగానికి అంతకంటె సిగ్గుచేటు లేదు. ఈకలున్న బాణములు మూడు, ఈకలు లేని బాణ మొకటి ఒకే గురికి విడిచి, ఈకలేనిది ఎడమన గ్రుచ్చుకొన్నచో కాడ బిరుసైనదనియు, కుడిన గ్రుచ్చుకొన్నచో మెత్తనిదనియు తెలిసికొనుటకు ఒక సాయంకాలము చాలును. దీనికైన తీరిక చేసికొనని వేటగాడు క్రొత్త దూరదర్శినికి ధనము వెచ్చించుటను నేను మెచ్చుకొనను.

1969లో హాలెస్ అలెన్ పేటెంటు పొందిన కప్పీల విల్లు వచ్చిన తరువాత ఈ అందము చాలవరకు మరుగుపడినది. అందులో బాణము నడిమిరేఖలోనే ఉండును, యంత్రపు కొక్కెము నారిని విడుచును. ప్రక్కవంపు దాదాపు లేదు, నిలువు వంపు మాత్రము మిగులును. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 2023లో మూడు స్వర్ణములు గెలిచిన మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖది ఆ విల్లు. అదే విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ వ్రేళ్లతో విడుచు విల్లును పట్టినవాడు; అతని ప్రతి బాణమును పైన చెప్పిన ఒకటింపాతిక కంపనములో వింటిని చుట్టి పోవుచున్నదే.

లేఖ వ్రాసిన పాఠకునకును, భౌతికశాస్త్రము బోధించు మన కళాశాలల అధ్యాపకులకును నా మనవి యొకటి. సెకనుకు 240 చిత్రములు తీయు ఫోనుతో ఈ దృశ్యము పట్టుబడదు. 16 సహస్రాంశములలో అది నాలుగు చిత్రములే తీయగలదు. సెకనుకు 1000 చిత్రములకు తక్కువ కాని కెమేరాను సంపాదించి, విలువిద్యా శిక్షకుని అనుమతితో, వింటికి నిలువుగా పైన బిగించి, ఎవ్వరును బాణపు దారిలో లేకుండ చూచుకొని, ఒక్క బాణమును చిత్రించి విద్యార్థులకు చూపుడు.