కంటికి కనపడని ఒర, కట్టుతప్పని ఆయుధం
లైసెన్సు రివాల్వర్ వెంట ఉంచుకునేవారు పాటించవలసిన మెళకువలు

జంషెడ్‌పూర్: నలభై డిగ్రీలు దాటిన ఎండ. ఒంటిమీద పలుచని నూలు చొక్కా. మాంగో నుంచి సువర్ణరేఖ వంతెన మీదుగా సాక్చి బజారుకు స్కూటర్‌పై ప్రయాణం. రాత్రి దుకాణం కట్టేశాక రొక్కంతో తిరిగి ఇంటికి. ఇటువంటి దినచర్య గల వ్యాపారికి ఆత్మరక్షణ నిమిత్తం రివాల్వర్ లైసెన్సు మంజూరైందనుకుందాం. సుమారు 700 గ్రాముల బరువున్న ఆ ఆయుధాన్ని ఆయన ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. లైసెన్సు కోసం పోలీసు విచారణలు, కలెక్టరేట్ చుట్టూ ప్రదక్షిణలు తప్పవు. రివాల్వర్ ధర లక్ష రూపాయల పైమాటే. ఇంత శ్రమపడిన వ్యక్తి చివరకు దానిని పెట్టుకునే హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, విషయంలో మాత్రం దుకాణదారు చేతికిచ్చినదానితో సరిపెట్టుకోవడం కద్దు. అయితే ఆయుధం పొరపాటున పేలడం, ఎదుటివాడి చేతికి చిక్కడం, లైసెన్సు రద్దు కావడం అనే మూడు ముప్పులూ చాలావరకు ఈ ఒర మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఉక్కు నగరంలో భయం నేపథ్యం

టాటా ఉక్కు కర్మాగారం చుట్టూ వెలసిన ఈ నగరంలో కాంట్రాక్టులు, రవాణా, తుక్కు ఇనుము వ్యాపారాలు విస్తారంగా సాగుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కర్మాగారంలో పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు కద్మా, బిష్టుపూర్ తదితర ప్రాంతాల్లో కనిపిస్తాయి. ఈ నగరానికి తుపాకీ మోత కొత్త కాదు. టాటా వర్కర్స్ యూనియన్ అధ్యక్షుడు వి.జి.గోపాల్ 1993 అక్టోబరులో ఇక్కడే హంతకుల తూటాలకు బలయ్యారు. జంషెడ్‌పూర్ లోక్‌సభ సభ్యుడు సునీల్ మహతోను 2007 మార్చి 4న ఘట్‌శిల సమీపంలో ఫుట్‌బాల్ పోటీల వద్ద మావోయిస్టులు కాల్చి చంపారు. ఇటువంటి ఘటనలు మిగిల్చిన భయమే కొందరిని ఆయుధ లైసెన్సుల వైపు నడిపిస్తుంది.

దాచడం చట్టం విధించిన బాధ్యత

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో తుపాకీని బాహాటంగా ధరించాలా, దుస్తుల చాటున దాచుకోవాలా అన్నది పౌరుని ఇష్టం. మన దేశంలో ఆ వెసులుబాటు లేదు. కేంద్ర ప్రభుత్వం 2016 జూలైలో జారీ చేసిన ఆయుధ నిబంధనలలోని 32వ నిబంధన ప్రకారం, బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని తీసుకువెళ్లే వ్యక్తి దానిని అందుకోసం తయారైన ఒరలో శరీరానికి అమర్చుకోవాలి. లేదా వీపు సంచి వంటి దానిలో ఉంచుకోవాలి. రెండు సందర్భాల్లోనూ ఆయుధం పూర్తిగా కప్పబడి ఉండాలి, ధరించిన వ్యక్తి అదుపులో ఉండాలి. బహిరంగంగా దానిని ఝళిపించడం నిషిద్ధం.

చొక్కా ఎగిరినప్పుడు పిడి పదిమందికి కనిపించేలా నడుముకు దోపుకోవడం హోదాకు చిహ్నమని భావించేవారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి. పెళ్లి ఊరేగింపుల్లో సరదా కాల్పులతో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019 నాటి చట్ట సవరణ వీలు కల్పించింది.

జంషెడ్‌పూర్ వాసులకు మరో చిక్కు ఉన్నది. నగరం తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనిది. ఖర్కాయి నది వంతెన దాటితే వచ్చే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లా కిందికి వస్తుంది. లైసెన్సు ఒక జిల్లాకే పరిమితమైతే వంతెన అవతల ఆ ఆయుధం చట్టవిరుద్ధమవుతుంది. ఎంత మంచి ఒర అయినా ఆ తప్పును కప్పలేదు. కనుక లైసెన్సు పుస్తకంలోని పరిధిని ముందుగా చూసుకోవాలి.

ఆయుధాన్ని బట్టి ఒర

సామాన్య పౌరులకు 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధం. ఎక్కువగా లభించేవి .32 బోరు ఆయుధాలే. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్‌లో ఆరు తూటాలు పడతాయి. గొట్టం పొడవు 76 మిల్లీమీటర్లు. మహిళలను దృష్టిలో పెట్టుకొని 2014లో విడుదల చేసిన ‘నిర్భీక్’ బరువు సుమారు 500 గ్రాములు. 2023 ఆగస్టులో వచ్చిన ‘ప్రబల్’ సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది.

రివాల్వర్‌లో అన్నిటికంటే మందమైన భాగం తూటాలుండే సిలిండర్. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేది అదే. పిస్తోలు బల్లపరుపుగా ఉండి కొంత సులువుగా దాగుతుంది. పైకి పొడుచుకువచ్చి గుట్టు బయటపెట్టేది మాత్రం రెండింటిలోనూ పిడియే. అందువల్ల పిడిని కొద్దిగా ముందుకు వంచి, ఒంటికి అదిమి ఉంచే ఒర మేలు. రివాల్వర్ వెనుక ఉండే హ్యామర్ కొన బట్టలకు తగులుకోకుండా దానిని కప్పే పట్టీ ఉండాలి. బొటనవేలితో తెరుచుకునే పట్టీ అయితే మరీ మంచిది.

ఒక నమూనా కోసం తయారైన ఒరలో మరొకటి దూర్చడం ప్రమాదకరం. ‘అన్ని తుపాకులకూ సరిపోతుంది’ అంటూ అమ్మే మెత్తని నైలాన్ ఒర నిజానికి దేనికీ బిగువుగా సరిపోదు. ఆయుధాన్ని వెంట తీసుకువెళ్లి, దుకాణంలోనే తూటాలు లేవని నిర్ధారించుకొని, అమర్చి చూసి కొనడం శ్రేయస్కరం.

నడుమా, జేబా, చీలమండా?

కుడిచేతి వాటం వారికి కుడి తుంటి వెనుక భాగం అనువైన చోటు. బెల్టుకు బయట వైపు ధరించే ఒర సౌకర్యంగా ఉంటుంది కాని దానిని కప్పడానికి లాల్చీ, సఫారీ చొక్కా లేదా చలికాలపు కోటు వంటి పొడవైన వస్త్రం కావాలి. ప్యాంటు లోపలి వైపు ధరించే ఒరలో పిడి తప్ప మిగతా భాగమంతా లోపలే ఉంటుంది కనుక వదులు చొక్కా చాలు. అందుకు ప్యాంటు నడుము కొలత ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఏ పద్ధతిలోనైనా బెల్టు దళసరిగా, గట్టిగా ఉండడం ముఖ్యం. మెత్తని బెల్టు బరువుకు వాలిపోతుంది. దానితో ఆయుధం బయటకు వేలాడుతుంది, మనిషి మాటిమాటికీ చేత్తో సర్దుకుంటాడు. ఆ సర్దుబాటే దొంగకు ఆనవాలు.

పొట్ట ముందు భాగంలో ధరించడం దాచడానికి అనుకూలమే. అయితే గొట్టం తొడలోని ప్రధాన రక్తనాళం వైపు తిరిగి ఉంటుంది కనుక అనుభవం లేనివారికి తగదు. వెన్నెముక మీద పెట్టుకుంటే స్కూటర్ పైనుంచి వెల్లకిలా పడినప్పుడు తీవ్ర గాయం కావచ్చు. చీలమండ ఒర కారులో కూర్చునేవారికి నప్పుతుంది కాని, అందుకోవాలంటే వంగక తప్పదు, వానాకాలంలో బురద పాలవుతుంది. చంక కింద వేలాడే ఒరకు కోటు తప్పనిసరి. జంషెడ్‌పూర్ వేసవిలో అది సాధ్యమయ్యే పని కాదు.

జేబులో ఒట్టి రివాల్వర్ వేసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. తాళంచెవి ట్రిగ్గర్‌లో చిక్కుకున్నా చాలు. జేబుకు ప్రత్యేకించిన ఒరలు ఉన్నప్పటికీ, శరీరానికి అమర్చి ఉండాలన్న నిబంధన దృష్ట్యా బెల్టు ఒరే నిస్సందేహమైన మార్గం. చీర కట్టుకునే మహిళలకు బెల్టు ఉండదు కనుక నడుము చుట్టూ వచ్చే వెడల్పాటి సాగే పట్టీ లేదా భుజానికి అడ్డంగా వేసుకునే సంచి మిగిలిన మార్గాలు. సంచి అయితే ఆయుధానికి విడి అర, ఆ అరలో గట్టి ఒర ఉండాలి. సంచి లాక్కుపోతే ఆయుధమూ పోతుంది కాబట్టి దానిని కుర్చీకి తగిలించి వదలరాదు.

తోలుకు చెమట శత్రువు

తోలు ఒర ఒంటికి మెత్తగా ఉంటుంది, చప్పుడు చేయదు. అయితే చెమటను పీల్చుకొని ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది. రాత్రివేళ ఆయుధాన్ని తోలు ఒరలోనే ఉంచి భద్రపరచరాదు. తోలు శుద్ధిలో వాడే లవణాల వల్ల ఇత్తడి తూటాలకు చిలుము పట్టే అవకాశమూ ఉన్నది. తడిసిన తోలును నీడలో ఆరబెట్టాలి. నూనె పూస్తే మెత్తబడి పట్టు సడలుతుంది.

కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసే ఒరలు చెమటకు చెక్కుచెదరవు. వేడిచేసి ఆయుధం ఆకృతికి అచ్చు పోస్తారు కనుక పట్టు బిగువుగా ఉంటుంది. ఎండలో నిలిపిన కారు అద్దం కింద వదిలేస్తే మాత్రం ఆకారం చెడవచ్చు.

ఒర లేని చోట

అమెరికా ఫుట్‌బాల్ క్రీడాకారుడు ప్లాక్సికో బరెస్ 2008 నవంబరులో న్యూయార్క్‌లోని ఒక క్లబ్బుకు పిస్తోలును ఒర లేకుండా ప్యాంటు నడుములో దోపుకొని వెళ్లాడు. అది కిందికి జారింది. పట్టుకోబోగా పేలి తొడలో తూటా దిగింది. న్యూయార్క్‌లో చెల్లే లైసెన్సు లేనందున మరుసటి ఏడాది రెండేళ్ల జైలుశిక్ష పడింది. 2024 అక్టోబరు 1న ముంబయిలో హిందీ నటుడు గోవిందా ఇంట్లో తన లైసెన్సు రివాల్వర్‌ను అలమరలో పెడుతుండగా అది జారి పేలడంతో కాలికి గాయమైంది. ఈ రెండు ఘటనల్లోనూ శత్రువు ఎవరూ లేరు. ఆయుధం చేయి జారిన క్షణమే ప్రమాదం.

అందువల్ల ఎంపికలో మొదట చూడవలసినది ట్రిగ్గర్. దాని చుట్టూ ఉండే లోహపు వలయాన్ని ఒర పూర్తిగా కప్పాలి. గుడ్డ మీదుగా నొక్కినా ట్రిగ్గర్ కదలరాదు. రెండవది పట్టు. తూటాలు తీసివేసి, మరొకసారి పరిశీలించి, ఆయుధంతో సహా ఒరను పరుపు మీద తలకిందులుగా ఊపితే జారిపడకూడదు. మూడవది ఒర నోరు. ఆయుధం తీసిన తరువాత మూసుకుపోయే మెత్తని ఒరలో తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కొని పేలవచ్చు. కనుక నోరు తెరిచే ఉండాలి. దాగడం ఈ మూడింటి తరువాతి మాట.

ఎంచుకున్నాక కొన్నాళ్లు ఖాళీ ఆయుధంతో ఇంట్లోనే సాధన చేయాలి. అద్దం ముందు చేతులెత్తి, వంగి, కుర్చీలో కూర్చొని, మెట్లెక్కి చూస్తే లోపాలు బయటపడతాయి.

ఎన్నికల వేళ ఆయుధాలను పోలీసు ఠాణాలో అప్పగించమని అధికారులు ఆదేశించినప్పుడు ఖాళీ ఒరే ఇంట మిగులుతుంది. ఆ రోజులు కూడా క్షేమంగా గడిచిపోతే, నిత్యం దానిని వెంట మోయవలసిన అవసరం నిజంగా ఉన్నదా అని లైసెన్సుదారు ఒకసారి తనను తాను ప్రశ్నించుకోవచ్చు. సునీల్ మహతో వెంట సాయుధ అంగరక్షకులే ఉన్నారు. అయినా ఆయన ప్రాణం దక్కలేదు. తుపాకీ ప్రతిసారీ రక్షిస్తుందన్న హామీ లేదు. దానివల్ల ఇంటివారికీ, ఇరుగుపొరుగుకూ హాని కలగకుండా చూసుకోవడం మాత్రం ధరించినవారి చేతుల్లోనే ఉన్నది. ఆ జాగ్రత్త ఒరతోనే మొదలవుతుంది.