కొవ్వు కణం కునుకు తీయదు

చెన్నైలోని పెరంబూరులో పొద్దుపోయింది. లోకో వర్క్స్ వైపు వీధుల్లో టిఫిన్ సెంటర్లు షట్టర్లు దించుతున్నాయి. ఆఖరి పరోటా తిని ఇల్లు చేరిన మనిషి నడుం వాల్చీ వాల్చగానే నిద్రపోతాడు. అతని పొట్టలోని కొవ్వు మాత్రం పనిలో ఉంటుంది.

సూక్ష్మదర్శిని కింద కొవ్వు కణమంటే దాదాపుగా ఒక నూనెబొట్టే. ఆ బొట్టు తాకిడికి కేంద్రకం అంచుకు ఒత్తుకుపోయి నెలవంకై మిగులుతుంది. ఆ ఇరుకులోనే ఇరవై వేల జన్యువులు! మెదడు కణంలో ఉన్నవీ అవే. ఏది పలకాలి, ఏది ఊరుకోవాలి అన్నదే తేడా. 1955లో మొదలైన ఇక్కడి కోచ్ ఫ్యాక్టరీలో ఎన్ని డ్రాయింగులున్నా, షాపులోకి దిగిన డ్రాయింగుకే పెట్టె తయారవుతుంది కదా! కొవ్వు కణంలో ఆ డ్రాయింగులు దింపించే పెద్దమేస్త్రి పీపీఏఆర్-గామా అనే ప్రొటీన్. దాని పెత్తనం 1994లో బయటపడింది. కొవ్వు నుంచి మెదడుకు కబురు మోసే లెప్టిన్ జాడ తెలిసిందీ ఆ ఏడాదే. అంతకుముందు కొవ్వు ఉత్త గోదాము. చాలామందికి ఇప్పటికీ అంతే.

అన్నం తినగానే ఇన్సులిన్ వస్తుంది, నిల్వ చేసే జన్యువులు గొంతెత్తుతాయి. కడుపు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున కొవ్వును విడదీసే జన్యువుల వంతు. కణాలు ఉబ్బి ఉబ్బి ఇక చోటు చాలనప్పుడు మేలుచేసే అడిపోనెక్టిన్ హార్మోన్ తగ్గుతుంది, వాపు పుట్టించే జన్యువులు రాజుకుంటాయి. మిగులు కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి పొర్లుతుంది. మధుమేహానికీ గుండెజబ్బుకూ దారి అక్కడే పడుతుంది. ఆ గుండెజబ్బుకు దేశంలో తొలి విజయవంతమైన బైపాస్‌ను 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేసింది ఈ పెరంబూరు రైల్వే ఆసుపత్రిలోనే.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది 2006లో వెలువడిన ఒక పరిశోధన. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు చెన్నైవాసులనూ, అమెరికాలోని డాలస్‌లో స్థిరపడ్డ దక్షిణాసియా వారినీ, అక్కడి తెల్లవారినీ పోల్చి చూశారు. ఆ పెద్దమేస్త్రి జన్యువులోనే ఒక చిన్న మార్పు తెల్లవారికి మధుమేహం నుంచి కొంత రక్షణ ఇస్తోంది. మనవాళ్లలో అదే మార్పు ఉన్నా ఆ కాపు దొరకలేదు. సముద్రాలు దాటినా అంతే.

అలాగని రాత మారదనుకోవద్దు. ఆరు నెలల వ్యాయామంతో కొవ్వులోని వేల జన్యువుల మీది రసాయన గుర్తులు మారాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మరోపక్క, బరువు తగ్గాక కూడా కొవ్వు కణాలు పాత ఊబకాయాన్ని గుర్తుపెట్టుకుంటాయని 2024లో జూరిక్ పరిశోధకులు తేల్చారు. తగ్గిన బరువు తిరిగొస్తే మనిషి బద్ధకాన్నే తిట్టడం అన్యాయం.

ఆ జన్యు కాపు దొరకని మనకు సన్నగా ఉన్నామన్న ధీమా పనికిరాదు. టేపుతో నడుం కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.